పెరటి చెట్టుకు వారసులు

కడప పాత పట్టణంలోని మా దాదీమా ఇల్లు అమ్మకానికి వచ్చిన సంవత్సరం, వారసులందరం ఒకే చాప మీద కూర్చుని లెక్కలు చూసుకున్నాము. బడే అబ్బా, మా అబ్బా, ఇద్దరు ఫూఫీలు. షరీఅత్ ప్రకారం ఆస్తిని ఆరు భాగాలు చేసి, అన్నదమ్ములకు రెండేసి, అక్కచెల్లెళ్ళకు ఒక్కొక్కటి అని ఆలిం సాహెబ్ కాగితం మీద రాసి ఇచ్చారు. స్థలం గజాలలోకి, గజాలు రూపాయలలోకి మారిపోయాయి. రాగి దేగిషాలు, టేకు దూలాలు, చెక్కపెట్టె అన్నీ ఎవరో ఒకరి వాటాలోకి చేరాయి. మాటామాటా పెరగకుండా పని ముగిసినందుకు అల్లాహ్‌కు కృతజ్ఞతలు చెప్పుకున్నాము. అంతసేపూ ఏమీ అడగని చిన్న ఫూఫీ, లేచి బురఖా సర్దుకుంటూ, "మరి అంజీర్ చెట్టు ఎవరి వాటా?" అన్నారు.

ఎవరి వద్దా సమాధానం లేదు. ఇల్లు కొన్న ఆసామి ఫిబ్రవరి నెలాఖరుకు పాత కట్టడాన్ని పడగొట్టి, మూడంతస్తుల భవనం కట్టబోతున్నాడు. పెరట్లో గోడ మూలన ఉన్న అంజూర చెట్టుకూ, వజూ చేసుకునే బండ పక్కనున్న దానిమ్మకూ ఆ నక్షాలో చోటు లేదు.

ఆ అంజూర చెట్టు దాదీమాతో పాటే ఆ ఇంటికి వచ్చింది. పెళ్ళయిన మొదటి శీతాకాలంలో మైకాకు వెళ్ళి తిరిగి వస్తూ, తడి గోనెపట్టాలో చుట్టిన ఒక కట్టెను ఆమె బస్సులో ఒడిలో పెట్టుకుని తెచ్చుకున్నారట. "కొత్త కోడలు వంటచెరకు తెచ్చింది" అని అత్తగారింట్లో నవ్వారట. ఈ కథను ఆమె నోట మేము వందసార్లు విన్నాము. కాని అందులో ఒక ఉద్యాన పాఠం ఉందని మాకు చాలా ఆలస్యంగా తెలిసింది. ఆమె తెచ్చింది ఆకులు లేని ముదురు కట్టె, తెచ్చింది శీతాకాలంలో.

మేము చేసిన పొరపాటు

నిజానికి చెట్టును కాపాడుకోవాలన్న ఆలోచన ఇల్లు అమ్మకముందే మాకు కలిగింది. రెండు సంవత్సరాల క్రితం మే నెలలో ఒక పెళ్ళికి వెళ్ళినప్పుడు, పచ్చగా, నిగనిగలాడుతూ ఉన్న పది లేత కొమ్మలు తుంచి, ఆకులతో సహా హైదరాబాదుకు తెచ్చి కుండీలలో గుచ్చాము. పచ్చని కొమ్మలోనే ప్రాణం ఎక్కువ ఉంటుందని మా నమ్మకం. మూడవ రోజుకు ఆకులు వాలిపోయాయి. పదవ రోజుకు కొమ్మలు నల్లబడ్డాయి. పదిలో ఒక్కటీ బతకలేదు.

కారణం చాలా సులువైనది. ఆకు గాలిలోకి నీటిని వదులుతూనే ఉంటుంది. ఆ నీటిని భర్తీ చేయడానికి కింద వేర్లు లేవు. ఎండాకాలపు వేడిలో లేత కొమ్మ రెండు మూడు రోజులలోనే దాహంతో చనిపోతుంది. పైగా లేత కొమ్మ తన శక్తినంతా పెరుగుదలకే ఖర్చు చేసుకుంటూ ఉంటుంది కనుక, దానిలో దాచుకున్న ఆహారం తక్కువ. లేత కొమ్మలతోనూ మొక్కలు తయారుచేస్తారు, కాని దానికి నిరంతరం మంచులా నీటిని చిమ్మే గది కావాలి. అది నర్సరీలవారి పని, మన బాల్కనీలలో సాగేది కాదు.

ముదురు కొమ్మ సంగతి వేరు. ఒక ఋతువంతా పెరిగి, బెరడు గోధుమరంగుకు తిరిగి, ఆకు రాల్చి విశ్రాంతిలో ఉన్న కొమ్మ తన కండలో పిండిపదార్థాన్ని నిల్వ చేసుకుని ఉంటుంది. ఆకులు లేవు కనుక నీటి నష్టం స్వల్పం. కొన్ని వారాల పాటు ఎవరి సహాయమూ లేకుండా తన తిండి తాను తింటూ, ఆ వ్యవధిలో కొత్త వేర్లను పుట్టించుకోగలదు. దాదీమా ఒడిలోని కట్టె బతకడానికి, మా పచ్చని కొమ్మలు చావడానికి తేడా ఇదే.

కొమ్మకు తల ఏదో, పాదం ఏదో

ఈసారి మేము జనవరి రెండవ వారంలో వెళ్ళాము. అంజూర చాలావరకు ఆకు రాల్చి, బూడిదరంగు కొమ్మలతో నిలబడి ఉంది. దానిమ్మ మన ప్రాంతంలో పూర్తిగా ఆకు రాల్చదు. అందుకని దానికి వారం ముందే నీరు ఆపమని పొరుగువారికి ఫోన్‌లో చెప్పాము. ఇంట్లో ఎవరూ లేరు కనుక వజూ నీళ్ళు ఎలాగూ ఆగిపోయాయి.

గత సంవత్సరం పెరిగిన కొమ్మలలో పెన్సిలంత లావు నుండి బొటనవేలంత లావు వరకు ఉన్నవాటిని ఎంచుకున్నాము. కొమ్మ చివరన ఉండే సన్నని, లేత భాగాన్ని వదిలివేశాము. మరీ ముసలి కొమ్మలనూ ముట్టుకోలేదు. మిగిలినదాన్ని జానెడు పొడవు, అంటే 20 నుండి 25 సెంటీమీటర్ల ముక్కలుగా, ఒక్కొక్క దానిలో కనీసం నాలుగు కణుపులు ఉండేలా కత్తిరించాము. కత్తిరించిన సికేచర్‌ను ముందు స్పిరిట్‌తో తుడిచాము. మొద్దుబారిన కత్తితో కోస్తే కొమ్మ నలుగుతుంది, నలిగిన చోట కుళ్ళు మొదలవుతుంది.

కోత వేసేటప్పుడు పాటించవలసిన చిన్న కిటుకు ఒకటుంది. కింది కోతను కణుపుకు సరిగ్గా దిగువన అడ్డంగా వేయాలి, పై కోతను మొగ్గకు వేలెడు పైన ఏటవాలుగా వేయాలి. కణుపు దగ్గర వేర్లు త్వరగా పుడతాయి, ఏటవాలు కోత మీద నీరు నిలవదు. ఇవి రెండూ నిజమే గాని, మాకు అంతకంటే ముఖ్యమైన ప్రయోజనం మరొకటి కనిపించింది. యాభై ముక్కలు కట్టగట్టి ఇంటికి తెచ్చాక ఏది తల, ఏది పాదం అని గుర్తుపట్టడానికి ఆ రెండు రకాల కోతలే ఆధారం. కొమ్మకు తన దిశ తెలుసు. మొగ్గలలో, లేత ఆకులలో తయారయ్యే ఆక్సిన్ అనే పదార్థం ఎప్పుడూ పై నుండి కిందికే ప్రయాణించి, కింది కోత దగ్గర పోగవుతుంది. అక్కడ వేర్లు పుట్టడానికి అదే ప్రేరణ. తలకిందులుగా నాటినంత మాత్రాన దాని పాదం తల కాదు. హడావిడిలో మా పెద్దబ్బాయి మూడు ముక్కలను అలా తలకిందులుగా నాటాడు. మూడూ ఎండిపోయాయి.

అంజూరను కోయగానే పాలు కారతాయి. చేతులకు అంటితే కొందరికి దురద, మంట పుడతాయి కనుక చేతికి గుడ్డ చుట్టుకోవడం మంచిది. ఆ పాలు ఆరేవరకు ముక్కలను ఒక రోజంతా నీడలో పరచి ఉంచాము. దానిమ్మకు ఆ అవసరం లేదు. తడి గోనెపట్టాలోనే చుట్టాము, బస్సులోనే తెచ్చాము.

వేరు కంటే ముందు వచ్చే ఆకు

ఎర్రమట్టి ఒక పాలు, ఇసుక ఒక పాలు, కొబ్బరిపొట్టు ఒక పాలు కలిపి నల్ల పాలిథిన్ సంచులలో నింపాము. సంచుల అడుగున చిల్లులు పెట్టాము. మూడింట రెండు వంతుల కొమ్మ మట్టిలో, ఒకటో రెండో మొగ్గలు పైన. చుట్టూ మట్టిని వేళ్ళతో గట్టిగా అదిమాము, మధ్యలో గాలి సందు ఉంటే వేరు అక్కడే ఆగిపోతుంది. ఎరువు వేయలేదు. వేరు లేని కొమ్మకు ఎరువు పెట్టడం, పళ్ళు రాని పసిబిడ్డకు బిర్యానీ పెట్టడం వంటిది. చెదల భయం ఉన్నవారు గుప్పెడు వేపపిండి కలుపుకోవచ్చు.

అంజూరకు మందు ఏదీ అవసరం లేదు. దానిమ్మ మాత్రం కొంత మొండిది. దాని ముక్కల కింది కొనలను తడిపి, వేర్లు పుట్టించే పొడిలో అద్దాము. ఎరువుల దుకాణాలలో దొరికే ఆ పొడిలో ఉండేది ఇండోల్ బ్యుటిరిక్ ఆమ్లం, ఐబీఏ అంటారు. కొమ్మలో సహజంగా ఉండే ఆక్సిన్ చేసే పనినే ఇది మరింత బలంగా చేస్తుంది. ఎక్కువ అద్దితే ఎక్కువ వేర్లు వస్తాయన్నది భ్రమ. మోతాదు మించితే కోత దగ్గర బెరడు మాడిపోతుంది. కలబంద గుజ్జు పూస్తే చాలని చెప్పేవారున్నారు. ఐదు ముక్కలకు పూసి చూశాము, మాకు తేడా ఏమీ కనిపించలేదు.

ఆ తరువాత జరిగినది మమ్మల్ని బాగా మోసగించింది. పద్దెనిమిదవ రోజున అంజూర మొగ్గలు విచ్చుకుని చిన్న చిన్న ఆకులు వచ్చాయి. సంబరంగా ఫూఫీలకు ఫొటోలు పంపాము. చిన్న ఫూఫీ షుక్రానా నమాజు కూడా చేశారు. నెల తిరిగేసరికి ఆ ఆకులలో కొన్ని వాలిపోసాగాయి. ఒకటి పెకలించి చూస్తే కింద ఒక్క వేరు కూడా లేదు. కొమ్మ తనలో దాచుకున్న ఆహారంతోనే ఆకు తొడిగింది. ఆ ఆకును నిలబెట్టే వేరు ఇంకా పుట్టలేదు. ఈ విధానంలో కొత్తవారందరూ బోల్తాపడేది ఇక్కడే. ఆకు రాగానే మొక్క బతికిందనుకుని ఎండలోకి మారుస్తారు, నీళ్ళు కుమ్మరిస్తారు, ఎరువు వేస్తారు. మేమూ రెండు కుండీలను ఎండలో పెట్టి పోగొట్టుకున్నాము.

అలాగే కోత దగ్గర తెల్లగా ఉబ్బిన కండను చూసి వేరు అనుకోకూడదు. అది గాయం మానుతున్న గుర్తు. వేరు దాని పక్క నుండో, కణుపు నుండో విడిగా పుడుతుంది. అంజూరకు నాలుగు నుండి ఆరు వారాలు, దానిమ్మకు ఆరు నుండి ఎనిమిది వారాలు పట్టవచ్చు. ఆ కాలమంతా కావలసినవి నీడ, నిలువని తడి, మన వైపు నుండి సబ్ర్. మా ఇంట్లో వాటికి కొరత వచ్చింది మూడవదాని విషయంలోనే. పిల్లలు రోజూ ఒకదాన్ని పీకి చూడడం మొదలుపెట్టారు. పీకిన ప్రతిసారీ వెంట్రుకలంత లేత వేర్లు తెగిపోతాయి. చివరకు సంచులను మేడ మీది నీళ్ళ ట్యాంకు నీడలోకి మార్చి, తలుపుకు తాళం వేశాము.

ఏప్రిల్ నాటికి లెక్క తేలింది. 30 అంజూర ముక్కలలో 19 బతికాయి. 20 దానిమ్మలలో 7 మాత్రమే.

ఈ పద్ధతికి ఎంత వయసు?

విత్తనం ఉండగా కొమ్మ ఎందుకు అని మా పిల్లలు అడిగారు. విత్తనానికి తల్లీ తండ్రీ ఇద్దరు. కనుక దానిమ్మ గింజ నుండి వచ్చే చెట్టు పులుపో తీపో, గింజ మెత్తనో గట్టో కాసేవరకు తెలియదు. కొమ్మ నుండి వచ్చినది తల్లిచెట్టు శరీరంలో భాగమే. దాదీమా చెట్టు పండు రుచి ఏదో, దీని రుచీ అదే. ఖచ్చితంగా చెప్పాలంటే అది కొత్త చెట్టు కాదు, అదే చెట్టు మరొక చోట నిలబడింది.

మనిషి ఈ సంగతిని ఎప్పుడో గ్రహించాడు. జెరికో పట్టణానికి సమీపంలో, జోర్డాన్ లోయలోని గిల్గాల్ అనే పురాతన నివాస స్థలంలో కాలి బొగ్గయిన చిన్న అంజూర పండ్లు దొరికాయి. వాటి వయసు 11,000 సంవత్సరాలకు పైమాటే. అవి గింజ మొలకెత్తని రకానివనీ, కనుక ఎవరో కొమ్మలు నాటి పెంచి ఉండాలనీ 2006లో పరిశోధకులు వాదించారు. ఇతర శాస్త్రవేత్తలందరూ దీనిని అంగీకరించలేదు. ఆ వాదనే నిజమైతే గోధుమ, బార్లీల వ్యవసాయం కంటే ముందే మనిషి కొమ్మ గుచ్చడం నేర్చుకున్నట్టు.

అందలూసియాలో ఈ విద్య శాస్త్రంగా ఎదిగింది. 12వ శతాబ్దంలో సెవిల్ నగరానికి చెందిన ఇబ్న్ అల్ అవ్వామ్ 'కితాబుల్ ఫిలాహా' అనే బృహత్ వ్యవసాయ గ్రంథాన్ని రచించారు. 585 రకాల మొక్కలను, యాభైకి పైగా పండ్ల చెట్లను ఆయన అందులో వివరించారు. కొమ్మలు నాటడం, అంట్లు కట్టడం గురించి ఆయన రాసినవి పాత గ్రంథాల సారమే కాక, సొంత తోటలో చేసి చూసినవి కూడా. 1802లో దానిని స్పానిష్ భాషలోకి అనువదించి ప్రచురించారు, అంటే ఆరు వందల సంవత్సరాల తరువాత కూడా ఐరోపా రైతుకు ఆ గ్రంథం పనికివస్తుందని భావించారు.

మన దక్కనులోనూ ఈ పరంపర ఉంది. 14వ శతాబ్దంలో దౌలతాబాదును చూసిన ఇబ్న్ బతూతా అక్కడి ద్రాక్ష, దానిమ్మలు ఏటా రెండు కాపులు కాస్తాయని తన యాత్రా గ్రంథంలో నమోదు చేశారు. ఆ రెండూ ముదురు కొమ్మల ద్వారా వ్యాపించే పండ్లే. మన పెద్దలకు సుపరిచితమైన హైదరాబాదు 'అనాబె షాహీ' ద్రాక్ష కూడా ఒక తోట నుండి మరొక తోటకు కత్తిరింపు కొమ్మల రూపంలోనే ప్రయాణించింది. ద్రాక్ష రైతులు ఏప్రిల్‌లో, అక్టోబరులో తీగలను కత్తిరిస్తారు. అక్టోబరులో కత్తిరించి పారవేసే ముదురు తీగలను అడిగితే ఉచితంగానే ఇస్తారు. నాలుగు కణుపుల ముక్క చాలు.

ఆలివ్ గురించి ఒక మాట

ఖుర్ఆన్‌లో 95వ సూరా పేరే అంజూర. ఆ సూరాలో అంజూరతో పాటే ఆలివ్ ప్రస్తావన వస్తుంది. ఈ భక్తిభావాన్ని ఆసరాగా చేసుకుని కొందరు వ్యాపారులు ఆలివ్ మొక్కలను ఎక్కువ ధరకు మన ఇళ్ళకు అంటగడుతున్నారు. ఆలివ్ కొమ్మ వేరు పట్టే మాట వాస్తవమే. కుండీలో వెండిరంగు ఆకులతో అందంగా పెరుగుతుంది కూడా. కాని శీతాకాలంలో కొన్ని వారాల గట్టి చలి లేనిదే అది పూతకు రాదు. మన కోస్తా, రాయలసీమ, తెలంగాణ మైదానాలలో అంత చలి ఉండదు. అందం కోసం పెంచుకునేవారు పెంచుకోవచ్చు. ఇఫ్తార్‌కు సొంత ఆలివ్ కాయలు తినాలన్న ఆశతో మాత్రం కొనవద్దు. ఖర్జూరం అయితే కొమ్మ ద్వారా రానే రాదు, తల్లిచెట్టు మొదట్లో వచ్చే పిలకలను వేరుచేసి నాటవలసిందే. మామిడి, సపోటా కూడా ముదురు కొమ్మలతో సాధారణంగా రావు, వాటికి అంటు కట్టడమే మార్గం. మల్బరీ మాత్రం గుచ్చితే చాలు. హిందూపురం వైపు పట్టు రైతులను అడిగి చూడండి, వారి తోటలన్నీ కొమ్మ ముక్కల నుండి లేచినవే.

కొమ్మతో పాటు తల్లిచెట్టు రోగాలు కూడా వస్తాయన్నది మరువకూడదు. అనంతపురం ప్రాంతంలో దానిమ్మ తోటలను దెబ్బతీసిన బాక్టీరియా మచ్చ తెగులు, రోగమున్న మొక్కలతోనే కొత్త తోటలకు చేరింది. ఆకుల మీద, కాయల మీద నూనె మరకల వంటి నల్లమచ్చలు, కాయల పగుళ్ళు ఉన్న చెట్టు ఎంత ఆత్మీయులదైనా దాని కొమ్మ తీసుకోకపోవడమే మేలు. అలాగే వంకాయ, టమాటా పెంచిన మట్టిలో అంజూర నాటవద్దు. ఆ మట్టిలో ఉండే నులిపురుగులు అంజూర వేర్లను బుడిపెలు కట్టిస్తాయి.

వాటాలు

తొలకరి పడ్డాక, జూలైలో, మొక్కలు పంచాము. ఈ పంపకానికి ఆలిం సాహెబ్ అవసరం రాలేదు. బడే అబ్బా కడప శివార్లలోని తన కొత్త ఇంట్లో రెండు అంజూరలు, రెండు దానిమ్మలు నాటారు. అంజూర వేర్లు దూరం పాకి గోడలను, నీటి తొట్టెలను పగులగొడతాయి కనుక గోడకు నాలుగైదు మీటర్ల ఎడం ఉంచమని చెప్పాము. ఆయన వినలేదు. దాదీమా గోడ మూలనే నాటిందన్నారు. ఆ గోడ ఎన్నిసార్లు పగిలిందో, ఎన్నిసార్లు సిమెంటు పూయించారో ఆయనకు గుర్తులేదు.

పెద్ద ఫూఫీ కుటుంబం జిద్దాలో ఉంది. మొక్కను విమానంలో తీసుకువెళ్ళాలంటే ఆరోగ్య ధ్రువపత్రం, దిగుమతి అనుమతి కావాలి. బట్టల మధ్య దాచుకుని వెళ్దామని ఆమె కొడుకు అన్నాడు. వద్దన్నాము. ఒక దేశపు పురుగును మరొక దేశపు తోటలోకి మోసుకుపోవడం చిన్న విషయం కాదు. ఆమె వాటా మొక్కలు మా మేడ మీదే పెద్ద డ్రమ్ములలో పెరుగుతున్నాయి. సెలవుకు వచ్చినప్పుడు వచ్చి చూసుకుంటారు.

చిన్న ఫూఫీకి నంద్యాలలో రెండు గదుల అద్దె ఇల్లు. నాటడానికి మట్టి నేల లేదు. ఆమె తన అంజూరను వీధి చివర మసీదు వెనుక, వజూ కొళాయిల నీరు పారే చోట ముతవల్లీ గారి అనుమతితో నాటించారు. మేకలు తినకుండా చుట్టూ ముళ్ళకంప కట్టించారు. మొదటి ఏడాది ఒకసారి మేకలు ఆ కంప దాటి మొక్కను మొదలంటా కొరికివేశాయి. ఫూఫీ ఫోన్ చేసి ఏడ్చారు. వారం ఓపిక పట్టమన్నాము. వేరు పట్టిన అంజూర అంత తేలికగా చావదు. పదిహేను రోజులకు మొదట్లో నుండి రెండు చిగుళ్ళు వచ్చాయి.

మూడవ సంవత్సరం రంజాన్‌లో దానికి కాసినవి పదకొండు పండ్లు. తొమ్మిదింటిని మసీదు పిల్లలు పండకముందే కోసుకుపోయారట. మిగిలిన రెండింటిలో ఒకటి ముఅజ్జిన్ గారికి ఇచ్చి, ఒకటి స్టీలు డబ్బాలో పెట్టి, నంద్యాల నుండి వస్తున్న వారి చేత మా అబ్బాకు పంపారు. హైదరాబాదు చేరేసరికి అది కొంత చితికిపోయింది. అబ్బా దాన్ని నాలుగు ముక్కలు చేసి, ఒక ముక్క తాను నోట్లో వేసుకుని, చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత, "ఈ జనవరిలో ఎన్ని కొమ్మలు కోయవచ్చు?" అని అడిగారు.